మినహాయింపు పత్రం చూపితే ఉద్యోగం వస్తుందా?

గ్రూప్ 4 ప్రకటన వెలువడిన రోజుల్లో ఆర్.కె.పేట బస్టాండు దగ్గరి జిరాక్సు దుకాణాల ముందు ఒక గంట నిలబడితే చాలు, మన పల్లెల్లో నిరుద్యోగం ఏ స్థాయిలో ఉన్నదో తెలుస్తుంది. అమ్మయార్‌కుప్పం నుండి, పొదటూరుపేట నుండి, పళ్ళిపట్టు నుండి వచ్చిన యువతీ యువకులు మార్కుల జాబితాలు, కుల ధ్రువపత్రాలు చేతబట్టుకొని వరుసలో నిలబడి ఉంటారు. వారిలో ఇంజనీరింగు చదివినవారున్నారు, ఎం.ఎస్సీ. ముగించినవారున్నారు. వారు కోరుతున్న ఉద్యోగానికి కావలసిన అర్హత పదో తరగతి. వరుసలో మాటలు చాలావరకు తెలుగులోనే సాగుతాయి. ఎదుర్కోబోయే పరీక్షలో సగం మార్కులు మాత్రం తమిళ భాషకు.

అటువంటి ఒక యువకుణ్ణి వెంటబెట్టుకొని అతని తండ్రి నా కార్యాలయానికి వచ్చాడు. ఆయన మరమగ్గం కార్మికుడు. కొడుకు తెలుగు మాధ్యమంలో పదో తరగతి వరకు చదివి, తరువాత ఆంగ్ల మాధ్యమంలో బి.కాం. పూర్తిచేశాడు. పదో తరగతి పరీక్ష రాసినది 2016లో. తమిళ పరీక్ష రాయనవసరం లేదని హైకోర్టు మినహాయింపు ఇచ్చిన సంవత్సరమది. ఆ ఉత్తర్వు నకలును ప్లాస్టిక్ సంచిలో చుట్టి, ఇన్నేళ్లుగా భద్రపరచిన కాగితాన్ని నా బల్లమీద పెట్టి ఆ తండ్రి అడిగిన ప్రశ్న ఇది:

"మావాడు పదిలో అరవం రాయలేదు సార్. రాయబళ్లేదని కోర్టే చెప్పిందంటిరి. ఇప్పుడు ఏ ఉద్యోగానికి రాసినా అరవంలోనే తోసేస్తా ఉండారు. ఈ కాగితం చూపిస్తే ఒప్పుకోరా?"

ఒప్పుకోరు. ఆ మాట చెప్పవలసివచ్చినప్పుడు, ఆ మినహాయింపు కోసం సభలు పెట్టి, సంతకాలు సేకరించి, తీర్పు వచ్చిన రోజున మిఠాయిలు పంచిన వారిలో నేనూ ఒకణ్ణని గుర్తుకు వచ్చింది. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

మొదట పోటీ ఎంతటిదో చూద్దాం. 2024 జూన్ 9న జరిగిన గ్రూప్ 4 పరీక్షకు తొలుత ప్రకటించిన ఖాళీలు 6,244. దరఖాస్తులు 20 లక్షలు దాటాయి. తరువాత ఖాళీల సంఖ్యను పెంచారు. పెంచిన తరువాత కూడా ఒక్కొక్క ఉద్యోగానికి రెండు వందలమందికి తక్కువ లేరు. 2025 జూలై 12న జరిగిన పరీక్షలో ఖాళీలు 3,935, దరఖాస్తులు 13 లక్షలకు పైగా. గ్రామ పరిపాలనాధికారి, జూనియర్ అసిస్టెంటు, టైపిస్టు ఉద్యోగాలివి. మన ప్రాంతంలో మగ్గాల మీద ఆధారపడిన కుటుంబానికి నూలు ధర పెరిగిన ప్రతిసారీ కూలి పడిపోతుంది. చెన్నై రైలెక్కి వెళ్లేవారి సంగతీ అంతే. శ్రీపెరుంబుదూరులోని నోకియా కర్మాగారం 2014లో మూతపడినప్పుడు ఉత్తర జిల్లాల యువతకు ప్రైవేటు ఉద్యోగంపై ఉన్న నమ్మకం ఎంతగా సడలిందో చూసినవాళ్లం. అందువల్ల నెల జీతం, పింఛను ఉండే గుమస్తా ఉద్యోగం కోసం పట్టభద్రులు ఎగబడటాన్ని ఎవరూ తప్పుపట్టనక్కరలేదు.

అయితే ఈ పోటీలో మన పిల్లలు అందరితోపాటు ఒకే గీత దగ్గర నిలబడి పరుగెత్తడం లేదు. గ్రూప్ 4 ప్రశ్నపత్రంలో రెండు భాగాలున్నాయి. 'ఎ' భాగం తమిళ భాషార్హత పరీక్ష: 100 ప్రశ్నలు, 150 మార్కులు. 'బి' భాగం సామాన్య శాస్త్రాలు, గణితం, తర్కం: మరో 100 ప్రశ్నలు, 150 మార్కులు. 'ఎ' భాగంలో నూటికి 40 చొప్పున, అంటే 60 మార్కులు రాకపోతే 'బి' భాగాన్ని దిద్దనే దిద్దరు. ఆ బి.కాం. యువకుడు లెక్కలలో దిట్ట. అతని లెక్కలను ఎవరూ చూడలేదు.

2021కి ముందు ఇలా లేదు. సామాన్య తమిళం, సామాన్య ఆంగ్లం రెండింటిలో అభ్యర్థి తనకు నచ్చినదాన్ని ఎంచుకొనేవాడు. తమిళం చాలినంతగా రానివాడు సైతం దరఖాస్తు చేసుకొని, ఎంపికై, ఉద్యోగంలో చేరిన తరువాత రెండేళ్లలోగా భాషా పరీక్ష గట్టెక్కే వీలుండేది. 2016లో రాష్ట్ర శాసనసభ చేసిన ప్రభుత్వోద్యోగుల సేవా నిబంధనల చట్టంలోనూ ఆ వీలు ఉంచారు. 2021 డిసెంబరు 1న వచ్చిన ప్రభుత్వ ఉత్తర్వు అన్ని నియామక పరీక్షల్లో తమిళ పత్రాన్ని తప్పనిసరి చేసింది. 2023 జనవరిలో శాసనసభ దానికి చట్టరూపం ఇచ్చింది. సర్వీసు కమిషనుకే కాదు, ఉపాధ్యాయ నియామక మండలికీ, పోలీసు నియామకాలకూ ఇదే సూత్రం. తెలుగు బడిలో తెలుగు చెప్పడానికి వెళ్లే ఉపాధ్యాయుడు సైతం ముందు తమిళ పరీక్ష దాటవలసిందే.

ఆ ఉత్తర్వు ఉద్దేశం ఏమిటో ప్రభుత్వమే చెప్పుకుంది: తమిళనాడు ఉద్యోగాలు తమిళనాడు యువతకే దక్కాలని. బయటి రాష్ట్రాలవారు వచ్చి ఉద్యోగాలు తన్నుకుపోతున్నారనే ఆందోళన అప్పట్లో గట్టిగా వినిపించింది. ఆ ఆందోళనలోని న్యాయాన్ని నేను కాదనను. కాని ఆర్.కె.పేట పిల్లవాడు బయటివాడా? అతని తాత పుట్టినప్పుడు ఈ ఊరు చిత్తూరు జిల్లా తిరుత్తణి తాలూకాలో ఉంది. పటాస్కర్ నిర్ణయం మేరకు 1959లో సరిహద్దుల మార్పిడి చట్టం వచ్చింది. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి తాలూకాలో అత్యధిక భాగం మద్రాసు రాష్ట్రంలో కలిసింది. తరువాత చెంగల్పట్టు జిల్లా, 1997 నుండి తిరువళ్లూరు జిల్లా. ఇల్లు కదలలేదు, పొలం కదలలేదు; గీత కదిలింది. (సర్వేపల్లి రాధాకృష్ణన్ తిరుత్తణిలో పుట్టిన సంగతిని మన సభల్లో ప్రతి వక్తా చెబుతాడు. ఆ సంగతి చెప్పి చప్పట్లు కొట్టించుకోవడం వల్ల ఇంతవరకు ఒక్క తెలుగు ఉపాధ్యాయుడి ఖాళీ కూడా భర్తీ కాలేదు.) బయటివారిని ఆపాలనుకుంటే అందుకు నివాస ధ్రువపత్రం ఉంది, చదువుకున్న బడి పత్రం ఉంది. భాషను ఆ పనికి వాడటం అత్తమీది కోపం దుత్తమీద చూపినట్టుగా ఉంది.

ఇక్కడ ఒక వరుసక్రమాన్ని పాఠకులు జాగ్రత్తగా గమనించవలసి ఉంది. 2006లో తమిళ అధ్యయన చట్టం వచ్చింది. ఆ ఏడు ఒకటో తరగతితో మొదలుపెట్టి, ఏడాదికొక తరగతి చొప్పున తమిళాన్ని మొదటి భాషగా చేసుకుంటూ వెళ్లారు. 2015-16 విద్యాసంవత్సరానికి అది పదో తరగతికి చేరింది. చట్టమైతే వచ్చింది గాని తెలుగు, కన్నడ, ఉర్దూ, మలయాళ బడులకు తమిళం చెప్పే ఉపాధ్యాయులు రాలేదు. వచ్చినచోట కూడా తమిళం ఇంటి భాష కాని పిల్లలకు దాన్ని ఎలా నేర్పాలో తెలిసినవారు అరుదు. ఈ లోపాన్నే భాషా అల్పసంఖ్యాకులు మద్రాసు హైకోర్టు ముందు పెట్టారు. 2016లో మినహాయింపు లభించింది. తరువాత కూడా మినహాయింపులు విడతలు విడతలుగానే వచ్చాయి. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ ఏటి పరీక్షకు మినహాయింపును పొడిగించింది.

ఆ మినహాయింపుకు అర్థమేమిటి? ఈ పిల్లలకు తమిళం నేర్పవలసిన బాధ్యతను రాష్ట్రం నెరవేర్చలేదు, కనుక ఆ లోపానికి పిల్లల్ని శిక్షించకూడదు అని. ఆ పిల్లలే నేడు పాతికేళ్లవారై ఉద్యోగం అడుగుతున్నారు. పదిహేనేళ్ల ప్రాయంలో "నీకు తమిళం నేర్పలేదు, అందువల్ల పరీక్ష వద్దు" అన్న రాష్ట్రమే, పాతికేళ్ల ప్రాయంలో "నీకు తమిళం రాదు, అందువల్ల ఉద్యోగం లేదు" అంటోంది. నేర్పనివాడే పరీక్షాధికారి అయ్యాడు. న్యాయస్థానం ముందు నిలబడగల వాదం ఏదైనా మనకు ఉన్నదంటే అది ఇదేనని నా అభిప్రాయం.

కాని ఆ వాదానికి చట్టంలో ఆధారం వెదికేటప్పుడు మనం నిజాయితీగా ఉండాలి. రాజ్యాంగం 29వ అధికరణం రెండో ఖండం ప్రభుత్వ విద్యాసంస్థల్లో ప్రవేశానికి మతం, జాతి, కులంతోపాటు భాష కారణంగా కూడా ఎవరినీ నిరాకరించరాదని చెబుతుంది. ప్రభుత్వోద్యోగాల గురించి చెప్పే 16వ అధికరణం రెండో ఖండంలో మతం, జాతి, కులం, లింగం, వంశం, జన్మస్థలం, నివాసం ఉన్నాయి. భాష లేదు. అంటే బడి గుమ్మం దగ్గర రాజ్యాంగం మన భాషకు కాపలా ఉంది. ఉద్యోగం గుమ్మం దగ్గర ఆ కాపలా లేదు. 350-ఎ అధికరణం ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు వసతులు కల్పించమంటుంది, అక్కడితో ఆగుతుంది.

ఆ వెలితిని పూరించడానికే 1956లో రాష్ట్రాల పునర్విభజనతోపాటు కొన్ని హామీలు పుట్టాయి. 1956 సెప్టెంబరు 4 నాటి కేంద్ర హోంశాఖ పత్రం, ఆ తరువాత 1961 ఆగస్టులో జరిగిన ముఖ్యమంత్రుల సమావేశం ఒకే మాట చెప్పాయి: రాష్ట్ర సర్వీసులో చేరడానికి ఆ రాష్ట్ర భాషాజ్ఞానం ముందస్తు షరతు కాకూడదు, భాషా పరీక్షను ఎంపిక తరువాత, పరిశీలనా కాలం ముగిసేలోగా పెట్టాలి. రాష్ట్ర భాష నేర్చుకోనక్కరలేదని ఆ హామీలు చెప్పలేదు. నేర్చుకోవడానికి వ్యవధి ఇవ్వమని మాత్రమే చెప్పాయి. 2021 వరకు తమిళనాడు పాటించినది సరిగ్గా ఆ పద్ధతినే. ఇవి చట్టాలు కావు, హామీలు మాత్రమే. రిట్ వేసి అమలు చేయించడం సులభం కాదు. అయినా వాటి అమలును పరిశీలించి రాష్ట్రపతికి నివేదించడానికే 350-బి అధికరణం కింద భాషా అల్పసంఖ్యాకుల కమిషనర్ పదవి ఉన్నది. ఆ కార్యాలయానికి మన జిల్లా నుండి పదో తరగతి పరీక్ష గురించి వెళ్లిన విజ్ఞాపనలను నేను చూశాను, కొన్నింటిని నేనే రాశాను. నియామక పరీక్షల గురించి నేను రాసినది ఒక్కటీ లేదు.

ఇక మన తప్పు గురించి. 2004లో ఉషా మెహతా కేసులో సుప్రీంకోర్టు, మహారాష్ట్రలో గుజరాతీ బడుల పిల్లలు మరాఠీ నేర్చుకోవాలనడం సమంజసమేనని తీర్పు చెప్పింది. ఒక రాష్ట్రంలో స్థిరపడినవారు ఆ రాష్ట్ర భాషకు దూరమైతే చివరికి ప్రధాన జీవన స్రవంతికే దూరమవుతారన్నది అందులోని తాత్పర్యం. మన సభల్లో ఈ తీర్పును ఎవరూ ప్రస్తావించరు. అది మనకు వ్యతిరేకమైనదని అనుకుంటాం. నేను తిరుత్తణి కోర్టులో తమిళంలో వాదిస్తాను. ఫిర్యాదు తమిళంలో, సాక్ష్యం తమిళంలో, తీర్పు తమిళంలో. అందువల్ల నా తెలుగు తరిగిపోలేదు. మన పిల్లలకు తమిళం వద్దని మనం ఎన్నడూ అనలేదని ఇప్పుడు చెప్పుకోవచ్చు. కాని పదో తరగతి మినహాయింపు కోసం పోరాడిన ఏళ్లలో "మా బడులకు మంచి తమిళ ఉపాధ్యాయుణ్ణి ఇవ్వండి, తెలుగు మొదటి భాషగా, తమిళం రెండో భాషగా చక్కగా నేర్పండి" అన్న కోరికను ఎంత గట్టిగా అడిగాం? మినహాయింపు వచ్చిన ప్రతి ఏడాదీ గెలిచామనుకున్నాం. అది గెలుపు కాదు, వాయిదా. ఆ వాయిదా ఎక్కడికి దారితీస్తుందో తల్లిదండ్రులకు ముందుగా చెప్పవలసిన బాధ్యత చదువుకున్న మనది. మనం చెప్పలేదు.

చెప్పకపోవడం వల్ల జరిగిన నష్టం ఇంకొకటి ఉంది. పళ్ళిపట్టు, ఆర్.కె.పేట పల్లెల్లో ఇప్పుడు ప్రతి ఇంటా వినిపిస్తున్న మాట ఒకటే: తెలుగు చదివితే ఉద్యోగం రాదు. ఆ మాట నోటినుండి నోటికి పాకి, తెలుగు మాధ్యమం తరగతుల్లో పిల్లల సంఖ్య ఏటేటా పడిపోతోంది. తరగతిలో పదిమంది, బడిలో నలభైమంది ఉంటే మాతృభాషలో బోధించాలన్నది 1949 నాటి విద్యామంత్రుల సమావేశం నుండి వస్తున్న సూత్రం. ఆ పదిమంది లేకుండా పోతే సూత్రం ఉండి ఏం లాభం? బడి మూయడానికి ఏ అధికారీ ఉత్తర్వు ఇవ్వనవసరం లేదు. తల్లిదండ్రులే బదిలీ పత్రాలు తీసుకుంటారు. వారిని తప్పుపట్టలేను. బిడ్డ కడుపు నిండాలని కోరుకునే తల్లికి భాషాభిమానం గురించి ఉపన్యాసం ఇచ్చే అర్హత, తన పిల్లల్ని చెన్నైలో ఆంగ్ల మాధ్యమంలో చదివిస్తున్న మన నాయకుల్లో చాలామందికి లేదు.

నిజానికి ఆ మాట సగమే సరి. ఉద్యోగం రాకపోవడానికి కారణం తెలుగు రావడం కాదు, తమిళం రాకపోవడం. రెండూ ఒకటి కావు. తెలుగు మానేసినంత మాత్రాన తమిళం రాదు. తెలుగు మాని ఆంగ్ల మాధ్యమంలో చేరి, ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, తమిళాన్ని మార్కుల కోసం బట్టీపట్టిన పిల్లలు కూడా ఆ 'ఎ' భాగంలోనే తడబడుతున్నారు. తమ భాషలో గట్టిగా చదవడం, రాయడం వచ్చిన పిల్లవానికి రెండో లిపి, రెండో వ్యాకరణం త్వరగా పట్టుబడతాయి. మన ప్రాంతంలో తమిళం చెవికి కొత్త కాదు; బస్సులో, బజారులో, సినిమాలో వింటూనే ఉంటారు. లోటు అంతా చదవడంలో, రాయడంలో, తిరుక్కురళ్ వంటి గ్రంథాలతో పరిచయంలో. పదో తరగతి స్థాయి అది. సరైన గురువు ఉంటే ఏడాది రెండేళ్లలో సాధించగల స్థాయి.

అయితే 60 మార్కులు తెచ్చుకుంటే సమస్య తీరిపోతుందని అనుకోవద్దు. గ్రూప్ 4లో 'ఎ' భాగం పేరుకే అర్హత పరీక్ష. ఆ మార్కులను ర్యాంకు లెక్కలో కూడా కలుపుతారు. మన అభ్యర్థి కష్టపడి 70 తెచ్చుకుంటే, తమిళం తల్లిభాష అయినవాడు 135 తెచ్చుకుంటాడు. ఒక్క మార్కుకు వేలమంది వెనుకబడే పోటీలో 65 మార్కుల తేడాను ఏ లెక్కలతో పూడ్చాలి? వింత ఏమిటంటే గ్రూప్ 1, గ్రూప్ 2 ప్రధాన పరీక్షల్లో తమిళ పత్రం కేవలం అర్హత కోసమే. కనీస మార్కులు వస్తే చాలు, ర్యాంకులో కలపరు. డిప్యూటీ కలెక్టరు కాబోయేవారికి నూటికి నలభై తమిళం సరిపోతుంది. టైపిస్టు కాబోయేవాడికి మాత్రం తమిళమే తలరాత. గ్రూప్ 1కు వర్తించిన నీతినే గ్రూప్ 4కూ వర్తింపజేయమని అడగడం తమిళానికి వ్యతిరేకం ఎలా అవుతుంది? దీనికి తోడు 2010 నాటి చట్టం ప్రకారం తమిళ మాధ్యమంలో చదివినవారికి నియామకాల్లో 20 శాతం ప్రాధాన్యం ఉంది. బీద కుటుంబాల పిల్లలు ప్రభుత్వ బడుల్లో తమిళంలో చదువుకుంటారు, వారికి ఆసరా కావాలన్నది దాని ఆశయం. మంచి ఆశయమే. అదే ప్రభుత్వ బడిలో, అదే పేదరికంలో, పక్క గదిలో తెలుగు మాధ్యమంలో చదివిన పిల్లవానికి ఆ ఆసరా లేదు.

"ఇక్కడ లేకపోతే ఆంధ్రాకు పోతాం" అనే యువకులకు అక్కడి సంగతి కూడా చెప్పాలి. నగరి మనకు కూతవేటు దూరం. అయినా ఆంధ్రప్రదేశ్ సర్వీసు ఉద్యోగాల్లో, ఉపాధ్యాయ నియామకాల్లో స్థానికత నిబంధన ఉంది. 371-డి అధికరణం కింద 1975లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ఆ స్థానికతను ప్రధానంగా చదువుకున్న చోటును బట్టి నిర్ణయించింది. ఆర్.కె.పేటలో చదివినవాడు చిత్తూరు జిల్లాకు స్థానికేతరుడు. స్థానికులకు పోగా మిగిలిన కొద్దిపాటి ఖాళీలకే అతడు పోటీపడాలి. తమిళనాడులో వెనుకబడిన కులం అయినా, షెడ్యూల్డు కులం అయినా ఆ ధ్రువపత్రంతో ఆంధ్ర రాష్ట్రోద్యోగంలో రిజర్వేషను దక్కదు. 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు తేల్చిన న్యాయసూత్రం అది. సత్యవేడు దగ్గరి శ్రీసిటీ కర్మాగారాల మాటా చూద్దాం: పరిశ్రమల్లో నాలుగింట మూడు వంతుల ఉద్యోగాలు స్థానికులకే అంటూ ఆంధ్రప్రదేశ్ 2019లో చట్టం చేసింది. ఆ చట్టం దృష్టిలో మనం తెలుగువాళ్లం కాదు, పొరుగు రాష్ట్రంవాళ్లం. మన సభలకు వచ్చి తెలుగు తల్లి బిడ్డలమని మనల్ని కౌగిలించుకునే ఆంధ్ర నాయకులను ఈ ఒక్క ప్రశ్న అడగండి: తమిళనాడులో తెలుగు మాధ్యమంలో చదివినవారిని ఒక చిన్న శాతం మేరకైనా స్థానికులుగా గుర్తిస్తారా? రెంటికీ చెడ్డ రేవడిలా మన పిల్లలు ఇంకెంతకాలం నిలబడాలి?

తెరిచి ఉన్న తలుపులు కొన్ని ఉన్నాయి. వాటి సంగతి మన యువతకు చాలమందికి తెలియదు, అందుకే కొంచెం విపులంగా చెబుతాను. తపాలా శాఖలో గ్రామీణ డాక్ సేవక్ ఉద్యోగాలకు రాతపరీక్ష లేదు. పదో తరగతి మార్కులే ఆధారం. పదో తరగతి వరకు ఆ సర్కిలు స్థానిక భాషను చదివి ఉండాలన్నది షరతు. తమిళనాడు సర్కిలులో ఆ భాష తమిళం. కనుక మినహాయింపు పొంది తమిళం లేకుండా పదో తరగతి గట్టెక్కిన పిల్లవాడు సొంత ఊరిలో, తెలుగు ఇళ్ల మధ్య ఉత్తరాలు పంచే పనికి అనర్హుడు. ఆంధ్ర సర్కిలులో ఆ భాష తెలుగు. అక్కడ స్థానికత నిబంధన లేదు. ఇది కేంద్ర ప్రభుత్వోద్యోగం. తెలుగు మొదటి భాషగా చదివిన మన పిల్లలు చిత్తూరు, తిరుపతి ప్రాంతాల శాఖలకు దరఖాస్తు చేసుకోవచ్చు. ఎంపికైతే ఆ ఊళ్లో కాపురం ఉండాలి. ఇన్నేళ్లుగా ఈ అవకాశాన్ని వాడుకున్నవారు మన పల్లెల్లో వేళ్లమీద లెక్కపెట్టదగినంతమందే.

ప్రభుత్వ బ్యాంకుల గుమస్తా పరీక్షలోనూ ఇలాగే అభ్యర్థి ఒక రాష్ట్రాన్ని ఎంచుకోవాలి, ఆ రాష్ట్ర భాష చదవడం, రాయడం, మాట్లాడటం రావాలి. పుట్టిన రాష్ట్రమే ఎంచుకోవాలన్న నియమం లేదు. రైల్వే నియామక పరీక్షలను తెలుగులో రాయవచ్చు, రాష్ట్ర భాషా పరీక్ష గొడవ లేదు. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ వారి మల్టీ టాస్కింగ్ పరీక్ష, కేంద్ర సాయుధ బలగాల కానిస్టేబుల్ పరీక్ష కూడా ఇటీవలి సంవత్సరాల్లో తెలుగుతో సహా 13 ప్రాంతీయ భాషల్లోకి వచ్చాయి. షెడ్యూల్డు కులాలకు, కేంద్ర జాబితాలో ఉన్న వెనుకబడిన కులాలకు ఈ కేంద్ర ఉద్యోగాల్లో రిజర్వేషను ఎక్కడికి వెళ్లినా వర్తిస్తుంది. ధ్రువపత్రం కేంద్ర నమూనాలో ఉండాలి, రాష్ట్ర నమూనా చెల్లదు. తాలూకా కార్యాలయంలో ఆ తేడాను అడిగి మరీ తీసుకోండి. ఏ ఏటి ప్రకటనను ఆ ఏడు పూర్తిగా చదవండి, నిరుటి నిబంధనలను నమ్ముకోవద్దు.

ఈ తలుపులన్నీ బయటికి దారి చూపేవే. మన ఊళ్లో మన తెలుగుకు ఉద్యోగం అనే మాట వచ్చేసరికి కేరళను చూడాలి. కాసరగోడులో కన్నడం, పాలక్కాడు, ఇడుక్కి జిల్లాల్లో తమిళం మాట్లాడేవారున్నారు. అక్కడి సర్వీసు కమిషను గుమస్తా ఉద్యోగాల్లో కొన్నింటిని కన్నడం-మలయాళం రెండూ తెలిసినవారికి, తమిళం-మలయాళం రెండూ తెలిసినవారికి అని ప్రత్యేకంగా ప్రకటిస్తుంది. అల్పసంఖ్యాకుల భాష వచ్చినవాడు అక్కడి కార్యాలయానికి అవసరమైనవాడు. 2011 జనగణన ప్రకారం తమిళనాడులో తెలుగు తల్లిభాషగా గలవారు 42 లక్షలకు పైగా, రాష్ట్ర జనాభాలో సుమారు 5.9 శాతం. ఆర్.కె.పేట తాలూకా కార్యాలయానికి పట్టా మార్పు కోసం వచ్చే ముసలామెకు తెలుగే వచ్చు. ఆమె చెప్పినది అర్థంకాక గుమస్తా విసుక్కోవడం, ఎవరో దారినపోయేవాడు అనువదించి చాయ్ డబ్బులు పుచ్చుకోవడం నేను చూస్తూనే ఉన్నాను. పళ్ళిపట్టు, ఆర్.కె.పేట, తిరుత్తణి తాలూకాలలో కొన్ని గ్రామ పరిపాలనాధికారి, జూనియర్ అసిస్టెంటు ఉద్యోగాలను తెలుగు-తమిళం రెండూ తెలిసినవారికి ప్రకటించమని మనం అడగాలి. అప్పుడు పళ్ళిపట్టు తల్లి తన బిడ్డను తెలుగు బడిలో ఎందుకు చేర్పించాలో ఎవరూ ఉపన్యసించనక్కరలేదు. ఇందులో తమిళులతో తగవు లేదు; తెలుగు నేర్చుకున్న తమిళ యువకుడికి కూడా ఆ ఉద్యోగం దక్కుతుంది.

అందువల్ల మన కోరికల వరుస మారాలి. పదో తరగతి మినహాయింపు కోసం ఏటా కోర్టు మెట్లెక్కడం ఒక్కటే మన కార్యక్రమం కారాదు. మినహాయింపు పొందిన సంవత్సరాల విద్యార్థులకు భాషా పరీక్షను 1961 హామీ ప్రకారం నియామకం తరువాత పెట్టాలి. గ్రూప్ 4లో తమిళ మార్కులను అర్హతకే పరిమితం చేయాలి. ఇప్పుడు బడిలో ఉన్న పిల్లల కోసం, తెలుగు బడులకు తమిళాన్ని రెండో భాషగా నేర్పగల ఉపాధ్యాయులు కావాలి. ఇది మాత్రం ఎవరిని అడగకముందే మనం మొదలుపెట్టగల పని. విశ్రాంత తమిళ పండితులు మన ఊళ్లలోనే ఉన్నారు. వారిలో ఒకరు, అచ్చమైన తమిళుడు, ఆదివారాలు ఉచితంగా చెబుతానని నాతో అన్నారు. స్థలం మాత్రం చూపించమన్నారు.

ఆ మరమగ్గం కార్మికుడి కొడుకు ఇప్పుడు తపాలా శాఖ ప్రకటన కోసం ఎదురుచూస్తూ, మరోవైపు తమిళ వాచకాలు ముందేసుకొని కూర్చున్నాడు. అతనికి ఒక చెల్లెలుంది, ఎనిమిదో తరగతి, తెలుగు మాధ్యమం. వచ్చే జూన్‌లో ఆమెను ఆ బడిలోనే ఉంచాలా, మార్చాలా అని తండ్రి అడుగుతున్నాడు. ఉంచమన్నాను, ఆదివారం తమిళ తరగతికి పంపే షరతు మీద. ఆయన తల ఊపాడు గాని, నమ్మాడని చెప్పలేను.

2016 నుండి పదో తరగతిలో మినహాయింపు పొందినవారై, ఆ తరువాత రాష్ట్ర నియామక పరీక్షల్లో తమిళ భాగం కారణంగా తిరస్కరణకు గురైనవారు మీ ఇంట ఉంటే, పదో తరగతి మార్కుల జాబితా, మినహాయింపు ఉత్తర్వు నకలు, నియామక పరీక్ష ఫలితపు ప్రతి, ఈ మూడింటినీ పత్రిక కార్యాలయానికి పంపండి. కమిషనర్‌కు విజ్ఞాపన అయినా, హైకోర్టులో రిట్ అయినా ఒక్కరి కాగితంతో నిలబడదు. ప్రస్తుతం నా దగ్గర ఉన్నవి పదకొండు.